రాగి తీగ, కేబుల్ తీగ, మా పెదనాన్న ఫోను

మా బరంపురం ఇంట్లో లాండ్‌లైను కిందటేడు సరెండర్ చేసేం. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు హాల్లో ఓ మూల కూర్చున్న ఫోను. ఆఖరి నాలుగైదేళ్ళూ దాన్లోంచి బీమా అమ్మేవాళ్ళూ రాంగ్ నంబర్లూ తప్ప ఎవరూ పలకలేదు. అయినా కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు అమ్మ "ఇంకో నెల చూద్దామా" అంది. ఆ మాట మీదే మా ఇంటి ఫోన్ల చరిత్ర రాద్దామని కూర్చున్నాం. మన బంధువుల్లో చాలామంది ఇళ్ళల్లో ఇదే కథ కొద్దిగా అటూ ఇటూగా జరిగుంటుంది. షోలాపూర్‌లో ఉన్నా, హోసూర్‌లో ఉన్నా, యానాంలో ఉన్నా.

ముందు ఊరి సంగతి చెప్పాలి, లేకపోతే ఫోను సంగతి అర్థం కాదు. మా ముత్తాతగారు టెక్కలి వైపు నుంచి బరంపురం వచ్చినప్పుడు రెండూ ఒకే గంజాం జిల్లాలో ఉండేవి, మద్రాసు రాజధానిలో. ఇచ్ఛాపురమూ అదే జిల్లా. అంటే ఆయన పరదేశం పోలేదు, జిల్లాలోనే ఊరు మారేడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయ్యింది. బరంపురం అటు పోయింది, టెక్కలీ ఇచ్ఛాపురమూ ఇటు మిగిలిపోయేయి. తరవాత 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. మేం కదలకుండానే రాష్ట్రం మారిపోయింది. ఇది మన వైపు ప్రతి ఇంట్లోనూ చెప్పుకునే మాటే. కానీ ఆ గీత ఎక్కడెక్కడ గుచ్చుకుంటుందో లెక్క రాసినవాళ్ళు తక్కువ. మాకు అది టెలిఫోనులో గుచ్చుకుంది.

మా మేనత్తని ఇచ్ఛాపురం ఇచ్చేరు. ఇక్కడికి పాతిక కిలోమీటర్లు. బస్సెక్కితే గంట. ఆ రోజుల్లో అక్కడికి ట్రంకాల్ బుక్ చేస్తే మాత్రం గంటలో దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఈ పక్క ఒరిస్సా సర్కిలు, ఆ పక్క ఆంధ్రా సర్కిలు. ఇక్కడి ఆపరేటరు ఒడియాలో పిలిస్తే అక్కడి ఆపరేటరు తెలుగులో పలికేవాడు, మధ్యలో ఇద్దరూ ఇంగ్లీషులో అంకెలు చెప్పుకునేవారు. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు తరగతులు. ఫలానా మనిషి వస్తేనే మాట్లాడతాం అనుకుంటే పీపీ కాల్, దానికి రుసుం ఎక్కువ. ఓసారి తాతగారు పోస్టాఫీసుకెళ్ళి అత్తయ్యకి పురుడొచ్చిన సంగతి కనుక్కుందామని కాల్ బుక్ చేసి కూర్చున్నారట. కాల్ రాలేదు, మావయ్యే పాసింజరు దిగి ఇంటికొచ్చి మిఠాయి ఇచ్చేడు. ఆ డబ్బులు తిరిగిస్తారా అని తాతగారు మర్నాడు మళ్ళీ వెళ్ళి అడిగేరు. ఇచ్చేరో లేదో ఇంట్లో రెండు రకాలుగా చెప్తారు.

లక్నో, కాన్పూరుల మధ్య ఆపరేటరు లేకుండా నేరుగా డయల్ చేసుకునే ఎస్‌టీడీ 1960లోనే వచ్చింది. మా దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. దేశమంతటా ఫోనుకి దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసే కాలం అది. తొందరగా కావాలంటే ఓవైటీ అని ఎక్కువ డిపాజిట్టు కట్టాలి. 1984లో సీ-డాట్ పెట్టి చిన్న ఊళ్ళకి సరిపడే ఎక్స్ఛేంజీలు ఇక్కడే తయారు చెయ్యడం మొదలుపెట్టేక, 1985లో పోస్టల్ శాఖనీ టెలికం శాఖనీ విడదీసేక, పరిస్థితి మెల్లిగా మారింది. మా వంతు 1988లో వచ్చింది.

ఫోను వచ్చిన రోజు ఇంట్లో పెళ్ళిలాగుంది. లైన్‌మేన్‌కి భోజనం పెట్టేరు. అమ్మ క్రోషియాతో దానికి ముసుగు అల్లింది, నాన్న డయల్‌కి చిన్న తాళం కొన్నాడు. మా వీధిలో అదొక్కటే కాబట్టి ఆరిళ్ళకి మాదే పీపీ నంబరు. ఈ పీపీ వేరే, దీనికర్థం పక్కింటి ఫోను. శుభలేఖల మీద కూడా మా నంబరు పక్కన పీపీ అని అచ్చు వేయించుకునేవారు. వచ్చే కాల్స్‌లో సగానికి సగం పక్కింటి ఒడియా వాళ్ళవే. అందుకని మా ఇంట్లో ఎవరు ఫోనెత్తినా ముందు "హలో, కిఏ కహుచ్ఛంతి?" అనేవాళ్ళం. అవతల తెలుగు వినిపిస్తే అప్పుడు గొంతు మారేది. ఇచ్ఛాపురం అత్తయ్య మాత్రం ప్రతిసారీ "ఒరే, నేన్రా, తెలుగులో మాట్లాడు" అని కసిరేది. ఆ అలవాటు మా నాన్నకి చివరిదాకా పోలేదు. దాని సంగతి ముందుకొస్తుంది.

ఆ రాగి తీగ ఫోనుకి ఒక గుణం ఉండేది. దాని విలువ అప్పట్లో మాకు తెలీదు. దానికి కావలసిన కరెంటు మన ఇంటిది కాదు. ఎక్స్ఛేంజిలో వరసగా పెట్టిన బ్యాటరీలనుంచి, 48 వోల్టులు, మాట వచ్చే ఆ రెండు తీగల్లోనే వచ్చేస్తుంది. ఇంట్లో కరెంటు పోయినా ఫోను బతికే ఉంటుంది. 1999 అక్టోబరు 17న గోపాలపురం దగ్గర తుపాను తీరం దాటింది. పన్నెండు రోజుల తరవాత వచ్చిన సూపర్ సైక్లోన్ మహా ఘోరం కావడంతో దీన్ని లోకం మర్చిపోయింది గానీ, బరంపురం వాళ్ళం మర్చిపోలేదు. ఆ రాత్రి ఊరంతా చీకటి. నాన్న కొవ్వొత్తి పట్టుకుని రిసీవరెత్తితే డయల్ టోను వినిపించింది. ఆ చప్పుడు విని అమ్మ దణ్ణం పెట్టింది. తెల్లారేసరికి స్తంభమే పడిపోయింది, అది వేరే మాట. రాగి తీగ గొప్పదని పాట పాడాలని కాదు మా ఉద్దేశం. అది ఎక్కడ ఆగిపోతుందో కంటికి కనపడేది. అంతే.

ఇక పెదనాన్న. 1980ల మధ్యలో న్యూజెర్సీ వెళ్ళేడు. మొదట్లో ఏడాదికి రెండు కాల్స్, సంక్రాంతికొకటీ బామ్మ పుట్టినరోజుకొకటీ. తరవాత కాలింగ్ కార్డులొచ్చేయి. వెనక గీకి, ఆ పొడుగాటి పిన్ను నొక్కి, "మీకు ఇంకా పదకొండు నిమిషాలున్నాయి" అని ఒకావిడ చెప్పేక మన నంబరు నొక్కాలి. ఆదివారం పొద్దున్న ఏడున్నరకి మోగేది. బామ్మ ఏడింటికే స్నానం చేసి ఫోను పక్కన కుర్చీ వేసుకునేది.

2006లో పెదనాన్న పాత ఫోను కంపెనీని మానేసి, టీవీ ఇచ్చే కేబుల్ కంపెనీ దగ్గరే ఫోను కూడా తీసుకున్నాడు. నాన్నకి ఇది అర్థమయ్యేది కాదు. "కేబుల్‌వాడు ఫోనిస్తాడేమిటి? మన వీధి కేబుల్ కుర్రాడు సినిమా మధ్యలో బొమ్మే సరిగ్గా ఇవ్వలేడు కదా" అనేవాడు. కానీ అమెరికాలో దీని వెనక పదేళ్ళ చరిత్ర ఉంది. 1996 ఫిబ్రవరిలో క్లింటన్ సంతకం చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టం ఫోను వ్యాపారం గేట్లు తెరిచింది. కేబుల్ కంపెనీలు ఫోను అమ్మొచ్చు, ఫోను కంపెనీలు టీవీ అమ్మొచ్చు, కంపెనీ మారినా ఖాతాదారు పాత నంబరు తనతో పట్టుకుపోవచ్చు. మరుసటి ఏడే కాక్స్ కంపెనీ కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ ఇళ్ళకి కేబుల్ మీద ఫోనివ్వడం మొదలుపెట్టింది. ఏటీ అండ్ టీ కూడా పెద్ద కేబుల్ కంపెనీ టీసీఐని 1999లో కొని ఈ దారే పట్టింది. నాలుగేళ్ళు తిరక్కుండా ఆ కేబుల్ వ్యాపారాన్నంతా కామ్‌కాస్ట్‌కి అమ్మేసింది. ఈ మొదటి తరం కేబుల్ ఫోన్లు పాత పద్ధతి స్విచ్చిల మీదే నడిచేవి. అసలు మార్పు 2003 తరవాత వచ్చింది. మాటని ముక్కలు చేసి ఇంటర్నెట్టు మాటల్లాగే పంపే పద్ధతి. కేబుల్‌విజన్, టైమ్ వార్నర్ కేబుల్ ముందు మొదలుపెట్టేయి, కామ్‌కాస్ట్ 2005లో. టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ కలిపి ఒకే బిల్లు. దానికి ట్రిపుల్ ప్లే అని పేరు. కొత్తల్లో నెలకి వంద డాలర్ల లోపు. అక్కడి మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లోకి ఇది మంచినీళ్ళలా పాకిపోయింది.

పెదనాన్న తీసుకున్న కంపెనీ పేరు ఇక్కడ అక్కర్లేదు. పేరు మార్చినా అనుభవం మారదని ఆయనే అనేవాడు. మొదటి ఏడాది బ్రహ్మాండం. గొంతు స్పష్టంగా వినబడేది, అమెరికా అంతటికీ కెనడాకీ ఎన్ని గంటలు మాట్లాడినా ఒకే డబ్బు. ఇండియాకి మాత్రం కాదు. దానికి మళ్ళీ కార్డే. 2009లో వొనేజ్ అనే ఇంకో ఇంటర్నెట్టు ఫోను కంపెనీ ఇండియాతో సహా అరవై దేశాలకి నెల రుసుంలోనే మాట్లాడుకోమన్నప్పుడు చాలామంది అటు దూకేరు. పెదనాన్న దూకలేదు. కారణం విచిత్రం. ఫోనొక్కటీ తీసేస్తే బిల్లు తగ్గాలి కదా. తగ్గదట, పెరుగుతుందట! మూడూ కలిపితే ఉన్న రాయితీ రెండిటికి ఉండదు. కాబట్టి వాడని ఫోను ఉంచుకోడమే చవక. ఏడాది తిరగ్గానే రాయితీ అయిపోయి బిల్లు నలభై డాలర్లు ఎగిరింది. అప్పుడు ఫోన్ చేసి మానేస్తానని బెదిరించాలి. మానేసేవాళ్ళని బతిమాలడానికి వాళ్ళ దగ్గర ప్రత్యేకంగా ఒక విభాగం ఉంటుంది. ఆ అమ్మాయి ఇంకో ఏడాదికి పాత ధర ఇస్తుంది. ఏటా నవంబరులో పెదనాన్న ఈ తద్దినం పెట్టేవాడు. ఆ మాట ఆయనదే. పెద్దమ్మ పక్కనుంచి "గట్టిగా అడగండి" అనేదిట.

ఇంకొకటి ఆయన పట్టించుకోలేదు. మేమూ అడగలేదు. కేబుల్ ఫోను పనిచేసేది గోడలోని రంధ్రం మీద కాదు, మోడెం అనే డబ్బా మీద. డబ్బాకి ఇంటి కరెంటు కావాలి. లోపల చిన్న బ్యాటరీ ఉంటే కొన్ని గంటలు నిలబడుతుంది. అది ముసలిదైపోతే అదీ లేదు. డబ్బా బతికున్నా, వీధి చివర పెట్టెలకి కూడా కరెంటు కావాలి. రాగి తీగ రోజుల్లో ఫోను కంపెనీ మోసిన బరువు ఇది. చప్పుడు లేకుండా ఖాతాదారు నెత్తి మీదికొచ్చింది. కరపత్రంలో సన్నక్షరాల్లో రాసే ఉంటుంది. ఎవడు చదువుతాడు?

2012 అక్టోబరు 30, మంగళవారం, తెల్లవారుజామున మా బామ్మ పోయింది. ఎనభై ఎనిమిదేళ్ళు. నిద్రలోనే వెళ్ళిపోయింది. నాన్న నాలుగున్నరకి చూసేడు. డాక్టరుగారొచ్చి చూసి చెప్పేసరికి అయిదున్నర దాటింది. నాన్న సరాసరి ఫోను దగ్గరికెళ్ళేడు. పెద్దకొడుకు పెదనాన్న. తలకొరివి పెట్టవలసినవాడు ఆయన.

అదే సమయానికి, అంటే అక్కడ 29వ తేదీ రాత్రి ఎనిమిదింటికి, శాండీ తుపాను న్యూజెర్సీలో అట్లాంటిక్ సిటీ దగ్గర తీరం దాటుతోంది. మాకు తుపాను సంగతి తెలుసు, టీవీలో చూస్తున్నాం. తుపానంటే బరంపురం వాళ్ళకి కొత్త కాదు. అమెరికాలో ఏమవుతుందిలే అనుకున్నాం.

ఫోను మోగింది. మోగి మోగి ఒక ఇంగ్లీషావిడ పలికింది. మళ్ళీ చేస్తే మళ్ళీ ఆవిడే. సెల్లుకి చేస్తే అసలు మోగదు. సాయంత్రం నాలుగింటిదాకా ప్రయత్నించేం. శాండీ దెబ్బ తగిలిన ప్రాంతంలో సెల్ టవర్లలో పావు వంతు ఆగిపోయేయనీ, కేబుల్ సర్వీసులూ ఇంచుమించు అంతే పోయేయనీ అమెరికా టెలికం కమిషను చెప్పింది. మాకు అప్పుడు తెలిసిందల్లా అన్నయ్య పలకట్లేదని. డబ్బాలో కరెంటు లేకపోయినా మనకి రింగు వినిపిస్తుందని, ఆ పలికే ఆవిడ పెదనాన్న ఇంట్లో కాదు ఎక్కడో కంపెనీ యంత్రంలో ఉంటుందని తరవాత తెలుసుకున్నాం. రింగు వినపడుతోంది కాబట్టి ఇంట్లోనే ఉండి ఎత్తట్లేదేమోనని మా బాబాయి ఒక మాట అన్నాడు. ఆ మాట మీద ఆ పూట ఇంట్లో చిన్న గొడవ కూడా అయ్యింది. చావింట్లో అవుతాయి. ఇది రాయాలా వద్దా అని ఆలోచించి రాసేం, ఎందుకంటే ఫోను తప్పుని మనిషి మీద వెయ్యడం ఎంత సులువో చెప్పకపోతే ఈ చరిత్ర సగమే.

సాయంత్రం అయిదింటికి పురోహితులు ఇంక ఉంచొద్దన్నారు. నాన్న చిన్నకొడుకు. ఆయనే పెట్టేడు.

పెదనాన్నకి మూడోరోజున తెలిసింది. కారు బ్యాటరీతో సెల్లు ఛార్జి చేసుకుని, సిగ్నలు దొరికేదాకా ఎనిమిది మైళ్ళు నడుపుకుంటూ వెళ్ళి, మేం బాగున్నాం, కంగారు పడకండి అని చెప్దామని ఫోన్ చేసేడు. నాన్న ఎత్తి అలవాటు చొప్పున "కిఏ కహుచ్ఛంతి?" అన్నాడు. ఆ తరవాత అయిదారు నిమిషాలు ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మేం వినలేదు. తెలిసినా వెంటనే వచ్చే వీలుండేది కాదు, న్యూయార్క్, న్యూవార్క్ విమానాశ్రయాలు మూతబడి ఉన్నాయి. ఈ సంగతి అందరికీ తెలుసు, పెదనాన్నకీ తెలుసు. ఏడోరోజుకి చేరేడు. వచ్చేక బాబాయి ఆయన కాళ్ళు పట్టుకున్నాడు.

ఏడాది తిరక్కుండా 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం మీదికొచ్చింది. ఈసారి మా ఫోను మూగబోయింది. రోజులకి రోజులు కరెంటు లేదు. పెదనాన్న అక్కడ కూర్చుని డయల్ చేసేడు. ఎన్నిసార్లు చేసేడో అడిగితే చెప్పడు.

అమెరికాలో ఈ బ్యాటరీ సంగతి ప్రభుత్వం దాకా వెళ్ళింది. 2015 ఆగస్టులో వాళ్ళ టెలికం కమిషను ఒక నియమం పెట్టింది. కరెంటు పోతే ఈ ఫోను పనిచెయ్యదని కంపెనీలు ఖాతాదారుకి ముందే చెప్పాలి, అడిగితే ఎనిమిది గంటలు నిలిచే బ్యాటరీ అమ్మాలి, మూడేళ్ళలో ఇరవైనాలుగు గంటలది కూడా. ఇవ్వాలి అనలేదు, అమ్మాలి అన్నారు. పెదనాన్న కొన్నాడు.

మన దేశంలో కేబుల్ తీగ 1990లలోనే ఇంటింటికీ వచ్చింది కదా, అందులో ఫోనెందుకు రాలేదని ఎవరికైనా అనుమానం రావచ్చు. ఆ తీగల్లో చాలామటుకు బొమ్మని ఇటు తెచ్చేవే గానీ మాటని అటు పంపేవి కావు. పైగా చట్టం. 2002 ఏప్రిల్ నుంచి ఇంటర్నెట్టు ఫోనుకి అనుమతి ఇచ్చినా, అప్పట్లో కంప్యూటరు నుంచి విదేశాల ఫోన్లకి చెయ్యడానికి వీలుండేది గానీ ఇక్కడి ఇళ్ళ ఫోన్లకి ఉండేది కాదు. 2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఫైబర్‌నెట్‌ని రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించేరు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, ఊళ్ళో కేబుల్ ఆపరేటర్ల ద్వారా టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ నెలకి 149 రూపాయల నుంచి. న్యూజెర్సీలో పెదనాన్న 2006లో చూసిందే, పదకొండేళ్ళకి శ్రీకాకుళం జిల్లా వాళ్ళ గుమ్మంలోకి వచ్చింది. ఆ రోజుల్లోనే ఇచ్ఛాపురంలో అత్తయ్య ఇంటికి కేబుల్ కుర్రాడొచ్చి ఇంకమీదట ఫోను కూడా తనదే అన్నాడట. అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న "కరెంటు పోతే పలుకుతుందా బాబూ?" వాడు మంచివాడు, ఉన్నమాట చెప్పేడు. "పలకదండి, ఇన్వర్టరుకి కలుపుకోండి." కాశీబుగ్గలోని తోటికోడలికి ఉచితంగా మాట్లాడొచ్చునని విని అత్తయ్య సంతోషించింది. "మరి బరంపురానికో?" అంది. అది వేరే రాష్ట్రమండీ అన్నాడు.

అత్తయ్య ఇప్పుడు సెల్లులోనే మాట్లాడుతుంది, బొమ్మ కూడా కనిపించాలంటుంది.

చెప్పవలసింది ఇంకొకటుంది. ఆ మంగళవారం పొద్దున్న నాన్న ఇంగ్లీషావిడకి మాట చెప్పేడు. బీప్ అనగానే ఏదో చెప్పాలని ఆయనకి ఎవరో అన్నారు. పెదనాన్న ఇంట్లో కరెంటు ఎనిమిదోరోజున వచ్చింది, అప్పటికి ఆయన ఇక్కడే ఉన్నాడు. రిసీవరెత్తితే టోను తెగి తెగి వస్తోందని, పెద్దమ్మే ముందు విన్నది. కంపెనీ యంత్రంలో దాచుకున్న మాట నెల రోజులకి చెరిగిపోతుందట, మళ్ళీ విని మళ్ళీ దాచుకోవాలి. నాన్న 2016లో పోయేడు. ఆ తరవాత కూడా నెలకోసారి పెదనాన్న ఆ పని చేసేవాడని మాకు తెలీదు. 2019లో కంపెనీ మారినప్పుడు నంబరు కూడా వస్తుందన్నారు గానీ దాచుకున్న మాటలు రావన్నారు. అప్పుడు ఫోను స్పీకరులో పెట్టి సెల్లులోకి ఎక్కించి మాకు పంపేడు.

నలభై సెకండ్లుంటుంది. ముందు "హలో, అన్నయ్యా, హలో" అని రెండుసార్లు. తరవాత "అమ్మ వెళ్ళిపోయింది అన్నయ్యా. తెల్లవారుజామున. నువ్వు ఫోను చెయ్యి." కాసేపు ఏమీ ఉండదు, వెనక వీధిలో పాలవాడి సైకిలు గంట వినిపిస్తుంది. తరవాత రిసీవరు కొంచెం దూరంగా, పెట్టేశాననుకున్నాడు కాబోలు, అమ్మతో అంటున్నాడు: "ఎవరో ఇంగ్లీషావిడ ఎత్తింది. చెప్పేను. చెప్తుందిలే."